బీరువా మింగిన పాట

ముందే చెబుతున్నాను, ఇది చదివాక మా వీధిలోకి వచ్చి నన్ను చూసి నవ్వకూడదు. నవ్వాల్సిందంతా ఇక్కడే నవ్వుకోండి. కొన్నేళ్ళ కిందట, క్రిస్మస్ ముందు ఒక శనివారం సాయంత్రం మా క్వార్టరులో జరిగిన సర్వనాశనానికి కర్తను నేనే. సహాయం చేసినవాళ్ళు ఉన్నారు గానీ, పాపం, సహాయం చేస్తున్నామని వాళ్ళకు తెలియదు.

మాది భిలాయి సెక్టర్ 2. మా ఆయన ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు మనిషి. ఇంట్లో గరిటె కిందపడినా తీసి చూసి, "ఇది మనది కాదు, బయటి ఉక్కు" అని తేల్చగలడు.

మా తెలుగు చర్చి సంఘంలో ఆడవాళ్ళమంతా వారానికొకరి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటాం. అక్కడ పాట ఎవరు ఎత్తుకుంటారన్నది చిన్న సంగతి అనుకోకండి. ఏళ్ళ తరబడి వెనకవీధి గ్రేస్ వదినే ఎత్తుకునేది. నాకు గొంతుంది, అక్షరం లేదు. పక్కావిడ పుస్తకంలో పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. ఒకసారి ఆవిడ ఉక్కపోసి పుస్తకంతో విసురుకుంటే, అదీ పాటలో భాగమేననుకుని నేనూ విసురుకున్నాను. యాభై దాటాక చర్చి వాళ్ళ సాయంకాలం బడిలో కూర్చుని అక్షరాలు దిద్దాను. ఆ ఏడాది పాస్టరమ్మగారు అందరి ముందూ, "ఈసారి క్రిస్మస్ పాటలు రత్నమ్మ ఎత్తుకుంటుంది" అన్నారు. నాకు ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినట్టయింది. ఉద్యోగమే లేదనుకోండి, అది వేరే విషయం.

అంతలో మాకు తబలా వాయించే ప్రకాశం గారిని నందిని ఊరి సున్నపురాయి గనులకు బదిలీ చేశారు. తాళం పోయింది. తాళం పోతే మా కూటం ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఒకే పాటను శ్రీకాకుళం వాళ్ళు ఒక రాగంలో, విజయనగరం వాళ్ళు ఇంకో రాగంలో, విశాఖ వాళ్ళు వేరే రాగంలో ఎత్తుకుంటారు. చివరి చరణంలో ఎవరు ముందు ఇంటికి చేరతారో చూడాలి, అంతే.

"మా విజయ్ పాటల పెట్టె పంపిస్తన్నాడు. తబలా, హార్మోనియం, అన్నీ అదే వాయించీస్తాది" అని నేను గొప్పగా ప్రకటించాను. విజయ్ మా అబ్బాయి, రాయపూర్‌లో ఉద్యోగం.

గ్రేస్ వదిన నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "పెట్టె వాయిస్తే మరి నువ్వేటి సేస్తావొదినా? దానికి టీ కాసి ఇస్తావా?"

"అది వాయిస్తాది, నాను పాడతాను."

"శనివారం మీ ఇంట్లోనే కదా కూటం, సూద్దాం. వాయించకపోతే మాత్రం క్రిస్మస్‌కి నానే ఎత్తుకుంటాను. మరి అప్పుడు ఏడవకూడదు."

"వాయించకపోతే పాటల పుస్తకం నానే తెచ్చి నీ సేతిలో ఎడతాను, సరేనా?"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరు మంచిదే. తేడా అంతా నా నోటిలోనే ఉంది.

పెట్టె వచ్చింది. అరచేయంత నల్ల పెట్టె. దాని కడుపులో పాటలుంటాయి. దాన్ని ఇంటర్నెట్ ఇచ్చే తెల్ల పెట్టెకు వైరుతో కలపాలి. హాల్లో ఉన్న స్పీకరుకు మాత్రం వైరుండదు, పాట గాలిలోంచే వస్తుంది. ఫోనులో నొక్కడమే మన పని.

"అమ్మా, సండే నేను ఆకే సెట్ చేస్తా" అన్నాడు విజయ్. భిలాయిలో పుట్టిన పిల్లల తెలుగు అంతే, సగం దారిలో హిందీ బండి ఎక్కేస్తుంది. ఆకే అంటే వచ్చి అని.

"ఆదివారం దాకా ఆగితే నా పరువు శనివారమే పోతాదిరా. నువ్వు ఫోన్లో సెప్పు, నాను సేసుకుంటాను."

చేసుకున్నాను కూడా! ఒక పూటంతా పట్టింది. ఆకుపచ్చ లైటు వెలిగితే ఒప్పు, ఎరుపు వెలిగితే తప్పు. చివరికి రెండు పెట్టెలూ బల్ల మీద ఆకుపచ్చగా కన్ను కొట్టాయి. హాల్లో తబలా మోగింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఎవరికీ కనబడకుండా నాలుగు అడుగులు డాన్సు వేసి వచ్చాను.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

మా క్వార్టరులో ఎలుకలున్నాయి. ఫ్రిజ్ వైరునే కొరికి మింగిన ఘనులు. పైగా ప్లాంటు నుంచి వచ్చే నల్లదుమ్ము. ఇంత ఖరీదైన వస్తువును బల్ల మీద ఎలా వదిలేస్తాను? మా అత్తగారి రోజుల నుంచి మా ఇంట్లో విలువైనదంతా స్టీలు బీరువాలోకే. బంగారం, పట్టుచీరలు, కాగితాలు, జీడిపప్పు. ఆ వరసలో పాటల పెట్టె, దానికి తోడు తెల్ల పెట్టె. బీరువా వెనక రేకుకు ఉన్న కన్నంలోంచి కరెంటు వైర్లు లోపలికి లాగి, తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

మీకు అప్పుడే తెలిసిపోయింది కదూ? నాకు తెలియలేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్ళున్నారట. నేను ఎలుక మీద భయంతో పాటకు తాళం పెట్టాను.

మర్నాడు ఫోను నొక్కితే పాట లేదు. విజయ్‌కు ఫోన్ చేశాను.

"లైట్ ఏ కలర్ ఉంది అమ్మా?"

"ఉండు" అని వెళ్ళి బీరువా తెరిచి చూశాను. "ఆకుపచ్చే."

"అయితే మళ్ళీ ప్లే చెయ్."

నొక్కాను. హాల్లో పాట గణగణా మోగింది.

"చల్ రహా హై నా? టెన్షన్ మత్ లో" అని, బెంగపడొద్దని చెప్పి వాడు పెట్టేశాడు. నేను బీరువా మూశాను. పాట ఆగిపోయింది. మళ్ళీ ఫోన్. మళ్ళీ లైటు. మళ్ళీ బీరువా తెరవడం, మళ్ళీ పాట. డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటినొప్పి మాయమైనట్టు, వాడు అడిగేసరికి ఆ పెట్టెకు ఏ రోగమూ ఉండేది కాదు. సాయంత్రానికి వాడికి అనుమానం వచ్చింది.

"అమ్మా, సచ్ బోలో. నాతో మాట్లాడాలని బహానా చేస్తున్నావా?"

"నీతో మాట్లాడ్డానికి నాకు వంకెందుకురా! తిట్టాలనిపిస్తే నేరుగానే తిడతాను."

మీరు అడగొచ్చు, పెట్టె బీరువాలో ఉందని వాడికి చెప్పొచ్చు కదా అని. మా అత్తగారి రెండో నియమం అది. బీరువాలో ఏముందో నోట రాకూడదు, పరాయివాళ్ళ ముందు దాన్ని తెరవకూడదు. అందుకే శుక్రవారం ఇంటర్నెట్ మనిషి సాహు భయ్యా వస్తానన్నప్పుడు, ఆయన గుమ్మం ఎక్కకముందే రెండు పెట్టెలూ తీసి బల్ల మీద పెట్టాను. ఆపి మళ్ళీ పెడితే అవి నిద్ర లేవడానికి పావుగంట పడుతుంది. ఆయన టీ తాగేలోపు లేచాయి. పాట అదిరిపోయింది.

"ఆంటీజీ, ఇది ఏకదం ఠీక్ ఉంది. బీమారీ కహాఁ హై?"

"మీరు వెళ్ళాక వస్తుంది భయ్యా ఆ రోగం" అని హిందీలో చెప్పాను. ఆయన నావైపు ఒక చూపు చూసి చెప్పులు వేసుకున్నాడు. ఆయన మలుపు తిరిగేలోపు పెట్టెలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి.

శనివారం వచ్చింది. పట్టుచీర తీస్తూ ఫోను నొక్కి చూశాను, పాట వచ్చింది. బీరువా తెరిచి ఉందన్న ఆలోచన ఎవరికి? గుండె నిండా ధైర్యం నింపుకుని, తలుపు మూసి, హాల్లో చాపలు పరిచాను.

అందరూ వచ్చారు. గ్రేస్ వదిన స్పీకరుకు ఎదురుగా, పరీక్షలో ఇన్విజిలేటరులా కూర్చుంది. పాస్టరమ్మగారు, "రత్నమ్మా, ఎత్తుకో అమ్మా" అన్నారు. ఫోను నొక్కాను. స్పీకరు నోరు మెదపలేదు. మళ్ళీ నొక్కాను. అక్షరాలు నేర్చుకున్నందుకు జన్మలో మొదటిసారి బాధపడ్డాను. ఎందుకంటే తెర మీద "పరికరం కనబడుట లేదు" అని తెలుగులో ఉన్నది స్పష్టంగా చదవగలిగాను.

"పెట్టెకి గొంతు పట్టేసిందేటొదినా?" అంది గ్రేస్ వదిన. "మిరియాల కషాయం ఇవ్వకపోయేవా?"

కన్నీళ్ళు వచ్చేలా ఉన్నాయి. ఏడిస్తే ఏడ్చాను, మంచి రుమాలుతో ఏడుద్దామని లోపలికి వెళ్ళి బీరువా తెరిచాను. హాల్లో తబలా దరువు! ఒక్క పరుగున వచ్చాను. మా గది నేల వాలుగా ఉంటుంది, వదిలేస్తే బీరువా తలుపు తనంతట తానే మూసుకుంటుంది. నేను హాల్లో అడుగు పెట్టేసరికి నిశ్శబ్దం. మళ్ళీ లోపలికి వెళ్ళాను, పాట. బయటికి వచ్చాను, నిశ్శబ్దం.

పాస్టరమ్మగారు కళ్ళు పెద్దవి చేశారు. "రత్నమ్మా, నువ్వు లోపలికి వెళ్తేనే వస్తోందే! లోపల ఏం చేస్తున్నావు?"

బీరువా తెరుస్తున్నానని అంతమంది ముందు ఎలా చెప్పను? "ప్రార్థనండీ" అన్నాను. ప్రార్థన కూటంలోనే అబద్ధమాడిన మహానుభావురాలిని.

"అయితే వెళ్ళి ఇంకాస్త గట్టిగా చెయ్యమ్మా!"

వెళ్ళాను. తెరిచాను. పాట మోగింది. హాల్లోంచి "స్తోత్రం!" అని కేకలు. సరిగ్గా అప్పుడే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి పెరటి గుమ్మంలోంచి గదిలోకి అడుగుపెట్టాడు.

"ఏటే ఇది? ఇంటి నిండా జనాలుంటే బీరువా బార్లా తీసి నిలబడ్డావు?" అని తలుపు ఒక్క నెట్టు నెట్టాడు. పాట తెగింది. హాల్లోంచి "అయ్యో!" అన్నారు. ఆయనకు విచిత్రంగా తోచి మళ్ళీ తెరిచాడు. "స్తోత్రం!" మూశాడు. "అయ్యో!" తెరిచాడు. "స్తోత్రం!"

అప్పుడు లోపలికి తొంగి చూశాడు. పట్టుచీరల మధ్య ఆకుపచ్చ లైట్లు. ప్లాంటు సైరనులా నవ్వాడు.

"పెట్టెని బీరువాలో ఎట్టి తాళవేసేవా? ఓసి నీ తెలివి కాలా! ఇది మన ఉక్కే. రేకు మూస్తే సిగ్నలు రాదు, దెయ్యం కూడా రాదు. పాటెలాగొస్తాది?"

ఆ నవ్వుకు గ్రేస్ వదిన గుమ్మంలోకి వచ్చింది. క్షణంలో సంగతి గ్రహించింది. నా ప్రార్థన మహిమ బయటపడిపోయింది.

"ఇప్పుడా పెట్టెలు పీకకు. మళ్ళీ లేవడానికి పావుగంట. తలుపు ఎవరైనా పట్టుకుంటే సాలు" అనేసి మా ఆయన స్నానానికి చక్కా పోయాడు. నేను పీట అడ్డం పెట్టి చూశాను. నున్నటి గచ్చు మీద పీట జారింది, తలుపు మూసుకుంది. అవతల పాస్టరమ్మగారు గడియారం చూసుకుంటున్నారు.

"ఎల్లొదినా, నువ్వెల్లి ఎత్తుకో" అంది గ్రేస్ వదిన. "తలుపు నాను పట్టుకుంటాను."

ఎంత పెద్ద మనసు! నా కళ్ళు చెమర్చాయి. మరుక్షణమే నా చూపు లోపలికి పోయింది. బీరువా నడిమి అరలో హాట్‌బాక్సుల సెట్టు ఉంది. అది గ్రేస్ వదిన మా విజయ్‌కు ఉద్యోగం వచ్చినప్పుడు ఇచ్చింది. అట్టపెట్టె కూడా విప్పలేదు. దాని పక్కనే మెరుపు కాగితం, రిబ్బను. వచ్చే నెల గ్రేస్ వదిన కూతురి పెళ్ళికి చదివించడానికే దాన్ని తీసి పెట్టాను!

తలుపు నేను పట్టుకుంటే పాట ఆమెది. ఆమె పట్టుకుంటే పాట నాది, పరువు ఆ అరది. పుస్తకం తీసుకుని హాల్లోకి నడిచాను. అక్షరాల కోసం నేను పడ్డ కష్టం హాట్‌బాక్సుల కంటే గొప్పదనుకున్నాను.

పాడాను. కళ్ళు గది గుమ్మం మీద, గొంతులో వణుకు. మూడు జిల్లాల వాళ్ళూ ఒకే రాగంలో పాడారు. "ఎంత ఆత్మతో పాడేవమ్మా, వణికిపోయేవు!" అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. భయమమ్మా అది, భయం.

అందరూ వెళ్ళాక గ్రేస్ వదిన ఉండిపోయింది. చేతిలో హాట్‌బాక్సుల పెట్టె. దొంగకు తేలు కుడితే ఎలా ఉంటుందో అడగండి, చెబుతాను.

"ఒదినా, ఇవి నానిచ్చినవే కదా?"

"అవునొదినా. అంత మంచివని వాడకుండా దాసుకున్నాను."

"మరి పక్కన రంగు కాగితమెందుకు?"

ఆమె పెట్టెను వెనక్కి తిప్పి దీపం కింద పెట్టింది. సగం గీకేసిన ధర చీటీ.

"దీన్ని గీకింది నాను కాదు. నాకు వచ్చినప్పుడే ఇలాగుంది" అంది మెల్లగా, నా కళ్ళలోకి చూడకుండా. "మా పెళ్ళిరోజుకి మీరే ఇచ్చేరు ఒదినా. నాను మర్సిపోయి మళ్ళీ మీకే ఇచ్చీసేను."

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. నవ్వి నవ్వి చాప మీద కూలబడ్డాం. మా ఆయన పెరట్లోంచి తొంగి చూసి, "ఇంకేటైనా మూసేసేవా?" అన్నాడు.

"క్రిస్మస్‌కి నువ్వే ఎత్తుకో" అంది గ్రేస్ వదిన కళ్ళు తుడుచుకుంటూ. "పెట్టెని మాత్రం బల్ల మీద ఎట్టు. పండగ పూట నాను బీరువా కాయలేను."

కాబట్టి నిండు సభలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక పాటను ఉక్కులో బంధించను. ఎలుకలు తింటే తిననీ. ప్రార్థన చేయకుండా చేశానని చెప్పను. ఎవరికైనా ఏదైనా చదివించేముందు వెనక్కి తిప్పి, గీకింది నా గోరేనా అని చూసుకుంటాను. ఆ హాట్‌బాక్సులంటారా? ఆ రాత్రే ఇద్దరం కూర్చుని శుభ్రంగా రంగు కాగితం చుట్టాం. క్రిస్మస్ కానుకగా అందుకుని పాస్టరమ్మగారు చాలా సంతోషించారు.