సత్తిబాబు నీళ్లల్లో ఉన్నాడంది

దెయ్యాలనీ జోస్యాలనీ ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి, తాడేపల్లిగూడెం దగ్గర ఒక క్రైస్తవ మిషన్ నడిపే నిరాశ్రయ మహిళల ఆశ్రమంలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. మతి చలించినవాళ్లు ఏవేవో అంటారు. ఆ మాటల్లోంచి ఊరూ పేరూ ఏరుకుని వాళ్లను ఇంటికి చేర్చడమే నా పని.

ఏలూరు బస్టాండులో దొరికిన ఒక ముసలావిడ కొన్నేళ్లుగా మా దగ్గర ఉండేది. నోరు విప్పేది కాదు. పేరు తెలియక అందరం మామ్మ అనేవాళ్లం.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ కంచం నెట్టేసి నా చెయ్యి పట్టుకుంది.

"మా సత్తిబాబు నీళ్లల్లో ఉన్నాడండి. బయటికి తియ్యండి" అంది. ఊరి పేరు కూడా చెప్పింది. కొల్లేరు లోపలి లంక గ్రామం.

ఊరు తెలిసిందన్న సంతోషంలో మిగతా మాట నేను పట్టించుకోలేదు. ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు సంపాదించి ఫోన్ చేశాను. సత్తిబాబు మామ్మ కొడుకే. చేపల చెరువు దగ్గర మేత వేస్తున్నాడట. ఆశా కార్యకర్త వెళ్లి ఫోన్ అతని చేతికిచ్చింది.

"మా అమ్మేనా అండీ?" అంటూ ఏడ్చేశాడు. "చచ్చిపోయిందనుకుని కర్మ కూడా చేసేశామండి. ఇప్పుడే బయల్దేరుతున్నానండి."

మీ అబ్బాయి బాగానే ఉన్నాడు, వస్తున్నాడు అని మామ్మకు చెప్పాను. వినలేదు. "తియ్యండి, తియ్యండి" అంటూనే ఉంది. ఆశ్రమం చూసుకునే సిస్టర్ గారు పక్కన కూర్చుని ప్రార్థన చేశారు.

చీకటి పడుతుండగా ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. ఊరు దాటకముందే, వానకు నానిన చెరువు గట్టు మీద బండి జారి సత్తిబాబు నీళ్లలో పడ్డాడు. మీద బండి పడింది. తీసేసరికి ప్రాణం లేదు.

మర్నాడు మామ్మను తీసుకెళ్లాం. శవం పక్కన కూర్చుని కొంగుతో కొడుకు తల తుడుస్తూనే ఉంది. ఆ జుట్టు ఎప్పుడో ఆరిపోయింది. మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు.

అతని భార్య నన్ను పక్కకు పిలిచింది. గొంతులో కోపం లేదు.

"అత్తయ్యగారు ఆ మాట అన్నప్పుడు ఆయన గట్టు మీదే ఉన్నారు కదండీ. మీరు ఫోన్ చెయ్యకపోతే బతికుండేవారా అండీ?"

జరగబోయేది మామ్మకు ముందే తెలిసిందో, ఆమె చెప్పబట్టే జరిగిందో, ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

మామ్మ ఇప్పుడు కోడలి దగ్గరే ఉంది. ఇంటికి చేర్చినవాళ్లకు అప్పుడప్పుడూ ఫోన్ చేసి బాగోగులు కనుక్కోవడం నా ఉద్యోగంలో భాగం. ఆ ఒక్క ఇంటికి మాత్రం సిస్టర్ గారి చేత చేయిస్తున్నాను.