ఒక్కటే ఉంది, కదలకండి

మా పెదనాన్న ఫొటో స్టూడియోలో ఒక పచ్చి అబద్ధం రోజంతా వినబడుతుంది. "రీల్లో ఒక్కటే మిగిలింది. రెప్ప వేశారో, పోయినట్టే!" చేతిలో ఉన్నది డిజిటల్ కెమెరా, వేల ఫొటోలు పడతాయి. దాని వెనకున్న స్క్రీను కనపడకుండా నల్ల టేపు అంటించాడు. జనం ఎలా నమ్ముతారో గానీ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

"పాత నలుపు తెలుపు ఫొటోల అందమంతా ఆ ఊపిరిలోనే ఉందే పిచ్చిదానా" అంటాడు నాతో. మరి కంప్యూటర్ ముందు రంగు తీసి, నీడలు చిక్కబరిచి, పాత రీలు ఫొటోల్లో ఉండే సన్న చుక్కల గరుకు అద్ది చచ్చేదెవరు? నేను. పేరేమో ఆయనది!

ఆ అబద్ధం చెల్లనిది పెద్దమ్మ దగ్గరే. చిగుళ్లు పాడైపోయి, ఆవేళ మధ్యాహ్నం ఆవిడ పళ్లన్నీ పీకించుకోవాలి. పొద్దున్నే స్టూడియోకి వచ్చింది.

"పెళ్లప్పుడు తీశారే, అలా నలుపు తెలుపులో ఒకటి తియ్యండి. నవ్వుతూ. రేపట్నుంచి ఈ మొహం ఉండదు కదా" అంది.

కూర్చుందో లేదో మొదలుపెట్టింది. లైటు కళ్లలో కొడుతోందట, తెర ఉతికి ఏడాదైందట.

"నోరు మూస్తావా?"

"మూస్తే పళ్లెలా పడతాయండీ?"

తీరా కెమెరా ఎత్తగానే సిగ్గుతో పెదాలు బిగించేసేది. ఎన్ని తీసినా అంతే. కంప్యూటర్లో నేను గరుకు పెంచితే "తట్టు పోసినట్టుందే" అంది. నలుపు పెంచితే "బొగ్గుల బస్తాలోంచి లేచొచ్చానా?" అంది. ఇంతలో కెమెరాలో ఎర్ర దీపం మిణుకుమంది. రెండో బ్యాటరీ ఇంట్లో ఉంది. ఆస్పత్రికి టైమైపోతోంది.

"ఒక్కటే ఉందే, కదలకు!" అన్నాడు పెదనాన్న. జన్మలో మొదటిసారి నిజం చెబుతున్నాడు మరి.

పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాకా చెబుతున్నారు ఈ కబుర్లు? నాకా?" అంటూ విరగబడి నవ్వింది. క్లిక్కుమంది. కెమెరా ఆరిపోయింది.

ఆ ఫొటోకి రంగు తీయడం తప్ప నేనేమీ చెయ్యలేదు. నోరంతా తెరిచి నవ్వుతోంది. పక్కదాని మీదికెక్కిన పన్నుతో సహా అన్నీ పడ్డాయి.

"ఊపిరి బిగబట్టాలన్నావుగా పెదనాన్నా? ఈవిడ బిగబట్టనేలేదు" అన్నాను.

"నేను బిగబట్టానే" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆస్పత్రిలో డాక్టరు ధైర్యం చెప్పాడు. "భయపడకండమ్మా. చిగుళ్లు మానాక కట్టుడు పళ్లు పెడతాను. ముత్యాల్లా, వరసగా!"

పెద్దమ్మ సంచీలోంచి ఫొటో తీసి ఆయన ముందు పెట్టింది. "ఇలా కట్టు బాబూ. ఆ ఎక్కుడు పన్ను కూడా."

"వంకర పన్ను కావాలని ఎవరూ అడగరమ్మా!"

"ముత్యాలు నాకెందుకు? అద్దంలో చూసుకుంటే నేనే కనపడాలి."

డాక్టరు నోరు తెరిచేలోపే పెదనాన్న అందుకున్నాడు. "ముందు ఆ పన్ను కట్టండి డాక్టరుగారూ. తక్కినవి మీ ఇష్టం!"