పలకని బటన్

ప్రెస్సులో అందరూ ఆమెను ఎర్రపెన్ను మేడమ్ అనేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె దిద్దని ప్రూఫు మెషీను ఎక్కలేదు. ఒక సోమవారం యజమాని ఆమెను తన గదిలోకి పిలిచాడు. పుస్తకాల పని పడిపోయిందనీ, ఇక విజిటింగ్ కార్డులే దిక్కనీ, వాటి ఆర్డర్లకు వెబ్‌సైట్ కావాలనీ చెప్పాడు. బయటివాళ్ళకు ఇచ్చే బదులు ప్రెస్సులోనే ఎవరైనా తయారుచేస్తే వాళ్ళ ఉద్యోగానికి ఢోకా ఉండదట. గడువు మూడు నెలలు. ఆమెకు యాభై ఒకటో ఏడు నడుస్తోంది. అయినా సరేనంది.

ఆ సాయంత్రమే వెబ్‌సైట్ల తయారీ మీద బొత్తిగా ఏమీ తెలియనివాళ్ళ కోసం రాసిన లావుపాటి పుస్తకం ఒకటి కొని ఇంటికి తెచ్చింది. అదే ఇంట్లో ఉండే అక్క కూతురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పుస్తకం చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఇప్పుడు పుస్తకాలు చూసి ఎవరు నేర్చుకుంటున్నారు పిన్నీ? ఇటివ్వు, రెండ్రోజుల్లో నేనే చేసిపెడతా."

"నువ్వు చేస్తే ఆ ఉద్యోగం నీకివ్వాలి. నా తిప్పలేవో నన్ను పడనీ."

మొదటి ఆరు అధ్యాయాలకు రెండు నెలల పైనే పట్టినా సాఫీగానే గడిచాయి. ప్రెస్సు పేరు తెరమీద నీలిరంగులో కనిపించిన రోజు టైపిస్టును కూడా పిలిచి చూపించింది. ఏడో అధ్యాయంలో వచ్చింది చిక్కు. ఆర్డరు ఫారం గీసి, కింద 'పంపండి' అని బటన్ పెట్టాలి. పెట్టింది. నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

తనకు తెలిసిన పద్ధతే మొదలుపెట్టింది. పుస్తకంలో ఒక్కో పంక్తి కింద స్కేలు పెట్టి, తెరమీది పంక్తితో అక్షరం అక్షరం సరిచూసింది. తేడా లేదు. మొత్తం చెరిపేసి మళ్ళీ కొట్టింది. మధ్యాహ్నం బాక్సు తెరవకుండానే భోజనాల వేళ దాటిపోయేది. పదకొండు రోజులు ఇదే వరస. తల ప్రాణం తోకకొచ్చింది. తన బుర్రకు ఇక తుప్పు పట్టిందనే అనుకుంది.

పన్నెండో రోజు ఒళ్ళు మండి పుస్తకాన్ని బల్లమీద విసిరికొట్టింది. మళ్ళీ తీసుకుని, ఈసారి తెర వంక చూడకుండా, అచ్చుకు వచ్చిన ప్రూఫులా ఎర్రపెన్నుతో చదివింది. నూట పన్నెండో పేజీలో ఒక ఇంగ్లీషు పేరు పెద్దక్షరంతో మొదలైంది. నూట పద్నాలుగో పేజీలో అదే పేరు చిన్నక్షరంతో పడింది. కంప్యూటర్‌కు అవి రెండూ వేర్వేరు పేర్లు. తప్పు పుస్తకానిది. దాన్ని ఆమె పొల్లుపోకుండా ఎక్కించుకుంది. కంప్యూటర్ పుస్తకం కదా, అందులో తప్పుంటుందా అని నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని అనుమానించడమే.

అక్షరం దిద్దగానే బటన్ పలికింది, 'మీ ఆర్డరు అందింది' అని. ఎవరికి అందిందో చూద్దామని పేజీ తిప్పింది. ఆర్డరు ఎక్కడికి చేరాలో రెండో భాగంలో నేర్చుకుందామని రాసి ఉంది. దుకాణానికి ఫోన్ చేస్తే రెండో భాగం రావడానికి నెల పడుతుందన్నారు. గడువు ఇంకా తొమ్మిది రోజులే.

ఆమె బటన్ తీసేసి, ఆ చోట ప్రెస్సు ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో పెట్టింది. యజమాని తెరను కిందికీ పైకీ జరిపి చూశాడు.

"బాగానే ఉందమ్మా. మరి ఫోన్ ఎవరెత్తుతారు?"

ఇంకెవరు, ఆమే. ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు రోజుకు ముప్పై ఫోన్లు. కార్డుమీద పేరు ఎలా రాయాలో ఒక్కొక్కరిని మూడేసిసార్లు అడగాలి.

రెండో భాగం వచ్చింది. మొదటి భాగంలోని పద్ధతి పాతబడిందనీ, అది మరిచిపొమ్మనీ తొలి పేజీలోనే ఉంది. ఆ వాక్యాన్ని ఆమె ఎర్రపెన్ను పట్టుకుని అక్షరం అక్షరం చదివింది. తప్పులేమీ లేవు, అదే బాధ. ఇప్పుడు మూడో అధ్యాయంలో ఉంది. అక్క కూతుర్ని ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు.