చేపలావిడ మాఫీ

ఖురాన్ నేర్పిన మా మామ్మగారు పోయారన్న కబురు మొదట తెచ్చింది హార్బరు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ. ఏడుస్తూ వచ్చింది.

బడికి వెళ్లని నాకు అక్షరాలూ నమాజూ మామ్మగారే నేర్పారు, అల్‌హమ్‌దులిల్లాహ్. సైతాను చేయించాడని ఎవరైనా అంటే నవ్వేవారు. “సైతాను పిలిసీ ఉంటాడే. నడిసింది ఎవుల కాళ్లు?”

ఒకసారి మామ్మగారింట్లో ఫ్రిజ్ ప్లగ్గు ఊడి చేపలు పాడయ్యాయి. అది చూసుకోక, చేపలావిడ పాడైనవి అంటగట్టిందని పాఠానికొచ్చిన ఆడవాళ్లందరితో అన్నారు. ఆ వారమంతా మా వీధిలో చేపలావిడ బుట్టను ఎవరూ దింపించలేదు. ప్లగ్గు కంటపడ్డాక మామ్మగారు నమాజులో ఏడ్చారు.

“అల్లా మాఫీ చేస్తాడు కదా” అన్నాను.

“నా నమాజు తప్పితే సేత్తాడు. దాని నోటికాడ కూడు తీసినాను. ముందు అది మాపీ సెయ్యాల.”

మర్నాడు అందరి ముందూ చేపలావిడ చేతులు పట్టుకున్నారు.

“ఓలమ్మ! నాను మాపీ అనీస్తే పోయిన బేరాలు వచ్చెత్తాయేటి?” అందామె.

“అదీ నిజమేనే. పద.”

బుట్టకు ఒక చెయ్యి వేసి, ఇంటింటి గుమ్మంలో నిలబడి “సేప మంచిదే, తప్పు నాది” అని చెప్పారు మామ్మగారు. కొందరు నవ్వారు. ఆవిడ ఆగలేదు. ఇంకా ఇళ్లుండగానే చేపలావిడే అడ్డుపడింది.

“సాల్లే మామ్మా! మాపీ సేసీసినాను. ఎండలో పడిపోతే ఆ పాపం నాకెందుకు?”

మామ్మగారు మిగిలిన ఇళ్లు కూడా తిరిగాకే ఇంటికొచ్చారు.

మీరు ఏ దేవుడి ముందు చేతులెత్తినా, మా మామ్మగారిని ఒక్కసారి తలచుకోండి.