మూడో చేతి మోటారు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కావు, నాలుగేళ్ల కిందటి సంగతి. కానీ ఇరవై మూడేళ్ల వయసులో నాకున్న ధీమా తలుచుకుంటే అదంతా ఇంకెవరి జీవితమో అనిపిస్తుంది. ఇంజనీరింగు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఎనిమిది నెలలు హైదరాబాదు హాస్టల్లో ఉండి, చివరికి పర్చూరు దగ్గర మా ఊరికే తిరిగొచ్చి, మిరప చేలకు మందు కొట్టే డ్రోన్లను అద్దెకిచ్చే కేంద్రంలో చేరాను. నా పని డ్రోను ఎగరేయడం కాదు. (బంధువులు అడిగితే మాత్రం అదేనని చెప్పేవాణ్ణి.) ఏ డ్రోనుకి ఏ మోటారు బిగించారు, ఏ రెక్క ఎప్పుడు మార్చారు, ఏ బ్యాటరీకి ఎన్నిసార్లు చార్జింగు పెట్టారు, ఇవన్నీ నంబర్లతో సహా పుస్తకంలో ఎక్కించడం నా పని.

కేంద్రం నడిపేది వాయుసేనలో వారంట్ ఆఫీసరుగా రిటైరైన పెద్దాయన. ఊరంతా ఆయన్ని వారంట్ గారనే పిలిచేది. విమానాల పక్కన ముప్పై ఏళ్లు నిలబడి నిలబడి ఆయనకు చెవులు సగం పోయాయి. మందు కొట్టే డ్రోనుకి కూడా యుద్ధవిమానానికి రాసినట్టు ఇంత రాయాలా అని ఒకసారి గట్టిగా అడిగాను. "గాల్లోకి లేచేది ఏదైనా కింద పడుద్ది అబ్బాయ్. నాకు మోటారు చప్పుడు వినపడదు. నీ పుస్తకం, నువ్వు కట్టిన చీటీ, ఈ రెండే చూసి నేను బిగిస్తా. రాయి" అన్నారు. అది ఎంత బరువున్న మాటో అప్పుడు తెలియలేదు. వినపడని పెద్దాయన చాదస్తమనుకుని రాసేవాణ్ణి. ఎలా రాసేవాణ్ణంటే, ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో ఫోన్లో క్రికెట్టు.

డ్రోను ఎగరేసేది మా ఊరి చర్చి వీధిలో ఉండే ఒకావిడ. అంతకుముందు ఆ చేలల్లోనే మిరపకాయల కోతకు వెళ్లేది. మహిళా సంఘం తరఫున శిక్షణకు వెళ్లి లైసెన్సు తెచ్చుకుంది. మేమంతా డ్రోనక్క అనేవాళ్లం. ప్రతిసారీ ఎగరేసే ముందు డ్రోను మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, పెదాలు కదిలీ కదలకుండా ప్రార్థన చేసుకునేది. డ్రోను గాల్లో ఉన్నంతసేపూ ఫోను కట్టేసి ఉంచాలన్నది వారంట్ గారి నియమం. ఆవిడ ఒక్కనాడూ తప్పింది లేదు.

మా పెద్ద డ్రోనుకి ఆరు చేతులు, చేతికో మోటారు. మూడో చేతి మోటారు బేరింగు పాడై, కాసేపు తిరిగితే వేడెక్కుతోందని వారంట్ గారు దాన్ని విప్పి, వాడకూడదని ఎర్ర చీటీ కట్టి బీరువాలో పెట్టారు. కంపెనీ నుంచి కొత్తది వస్తే దానికి పచ్చ చీటీ కట్టి పక్కనే పెట్టాను. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. పాతదాని నంబరు చివర 4471, కొత్తదాని నంబరు చివర 4417. ఒక మధ్యాహ్నం బీరువా దులుపుతుంటే రెండు చీటీలూ ఊడి కింద పడ్డాయి. నంబర్లు పుస్తకంలో చూసి కట్టాలి. ఆఖరి ఓవరు నడుస్తోంది. ఏదో నాలుగులూ ఏడూ ఉన్నాయి కదా అని గుర్తున్నంతలో కట్టేసి స్కోరు చూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వారంట్ గారు ప్రయాణం తొందరలో పచ్చ చీటీ ఒక్కటే చూసి మోటారు బిగించి, దాని మీది నంబరు కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టి, చీరాలలో పెళ్లికి వెళ్లిపోయారు. డ్రోనక్క దాన్ని ఆటోలో వేయించుకుని రెండు మైళ్ల అవతల మిరప చేనికి తీసుకెళ్లింది. పదిన్నరకి నేను తీరిగ్గా పుస్తకం తెరిచి, మూడో చేతికి బిగించినది 4471 అని రాశాను. రాసి, పై వరుస చూశాను. "తీసేసినది: 4471. కారణం: బేరింగు." నా దస్తూరీయే.

ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ముందురోజు గుర్తున్నంతలో కట్టిన చీటీలు గుర్తొచ్చాయి. అక్కకి ఫోన్ చేస్తే స్విచాఫ్. వారంట్ గారికి చేస్తే మోగుతూనే ఉంది. పెళ్లి మేళంలో ఆ చెవులకి ఏం వినపడుతుంది? బాబాయి మోపెడ్ తీసుకుని బయలుదేరాను. పది లీటర్ల మందుతో పైనున్న డ్రోను, ఒక చెయ్యి పట్టేస్తే ఒరిగి ఎవరి మీద పడుతుందోనన్న ఊహ తప్ప బుర్రలో ఇంకేం లేదు. రోడ్డుకి అడ్డంగా సుబాబుల్ కర్ర లోడు ట్రాక్టరు ఒకటి, తప్పుకోదు. హారన్ కొడుతున్నాననుకుని చాలాసేపు లైటు స్విచ్చి నొక్కాను. నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు గానీ ఆ రెండు మైళ్లలో మా ఇంటి దేవుళ్లతో పాటు డ్రోనక్క దేవుడికి కూడా మొక్కుకున్నాను.

చేని దగ్గరికి వచ్చేసరికి డ్రోను పైనే ఉంది. అవతలి చేలో పదిమంది దాకా ఆడవాళ్లు పత్తి తీస్తున్నారు. అది సరిగ్గా వాళ్ల వైపు గట్టు దాకా వెళ్లి తిరుగుతోంది. మోపెడ్ పడేసి, మెడలో తువ్వాలు తీసి ఊపుతూ గట్టు మీద పరుగెత్తాను. నా అరుపు డ్రోను రొదలో కలిసిపోయింది. పత్తి తీసేవాళ్లలో ఒకామె నన్ను చూసి, "తేనెటీగలు తరుముతున్నయ్యే అబ్బాయిని, కూర్చోండే" అంది. అందరూ కొంగులు నెత్తిన కప్పుకుని సాళ్లలో కూలబడ్డారు. డ్రోనక్క కూడా నన్ను చూసింది. చూడగానే క్షణం ఆలస్యం చెయ్యకుండా డ్రోనుని వెనక్కి తిప్పి, ఖాళీ జాగాలో దించేసింది.

దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎవరికి తమ్ముడూ?" అంది.

"మోటారుకి" అన్నాను రొప్పుతూ.

"మా పాపకా? మా ఆయనకా? చెప్పు, నేను తట్టుకుంటా."

"కాదక్కా. మూడో చేతి మోటారుకి. పాడైంది బిగించాం."

ఆవిడ ఉన్నపళంగా గట్టు మీద కూర్చుంది. నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత లేచి నెత్తిన ఉన్న టోపీ తీసి నా వీపు మీద రెండు తగిలించింది. "ఆ మొహమేసుకుని ఎవరన్నా వస్తారా? నా పానం పోయింది గదా" అంది. నేను మూడో చేతి మోటారు ముట్టుకున్నాను. వేలు కాలింది. చేత్తో తిప్పితే గరగరమని, సగం తిరిగి ఆగిపోయింది. అక్క కూడా తిప్పి చూసింది. ఇక నవ్వలేదు. పత్తి చేలోంచి లేస్తున్న ఆడవాళ్ల వైపు చూసి, "ఆ మూడో సాల్లో మా అత్త" అంది.

మధ్యాహ్నం కేంద్రంలో ఇద్దరమే ఉన్నాం. అసలు కొత్త మోటారు బిగించేసి, పుస్తకంలో రెండంకెలు అటూ ఇటూ చేస్తే ఎవరికీ తెలియదు. వైట్‌నర్ సీసా మూత కూడా తీశాను. అక్క చూసింది. "నేనెవరికీ చెప్పన్లే తమ్ముడూ. కానీ రేపు ఆ పుస్తకం నమ్మి ఎగరెయ్యాల్సింది నేను" అని చీపురు తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయింది. సీసా మూత పెట్టేశాను.

సాయంత్రం వారంట్ గారు పెళ్లి బట్టల్లోనే వచ్చారు. నేను తల వంచుకుని, వీలైనంత మెల్లగా, "చీటీలు తారుమారు చేశానండీ" అన్నాను.

"ఆఁ?"

"చీటీలు తారుమారు చేశానండీ."

"గట్టిగా చెప్పు అబ్బాయ్."

గట్టిగా చెప్పాను. ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయన ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని విన్నాడు. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. మొత్తం కథ మొదట్నుంచీ, క్రికెట్టుతో సహా, వీధి వీధంతా వినేట్టు చెప్పుకోవాల్సి వచ్చింది. వారంట్ గారు తిడతారని ఎదురుచూశాను. ఆయన కుర్చీలో కూర్చుని కండువా మడతపెట్టుకున్నారు. "నీ వయసులో నేనొక విమానం లోపల స్పానర్ మర్చిపోయాను. అది పైకి లేచాక గుర్తొచ్చింది. దిగేదాకా నలభై నిమిషాలు రన్‌వే పక్కన నిలబడి ఆకాశం చూస్తా ఉన్నా. దిగింది" అన్నారు. పుస్తకం నా ముందుకు తోశారు. "జరిగింది జరిగినట్టు రాయి. తప్పు అంకె మీద ఒకే గీత కొట్టు, అడుగున ఏముందో కనపడాలి. సంతకం పెట్టు." సంతకం వంకరగా వచ్చింది.

ఆ మర్నాటి నుంచి ఊళ్లో నా పేరు తారుమారు. టీ కొట్టు దగ్గర, "ఏరా తారుమారూ, చక్కెరేశానో ఉప్పేశానో చూసుకో" అనేవాళ్లు. ఆ పేరు పడలేకే సగం, వారంట్ గారు రాసిచ్చిన ఉత్తరం పుణ్యాన సగం, హైదరాబాదులో విమానాలు బాగుచేసే చోట రికార్డుల విభాగంలో చేరాను. ఇప్పుడు నేను చూసే విమానాల్లో వందలమంది కూర్చుంటారు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదువుతానని, నా బల్ల మీద కాగితం కదలదని పైవాళ్లు విసుక్కుంటారు. ఇక్కడ అందరూ నన్ను సార్ అంటారు. ఎంతో మర్యాదైన పిలుపు, కానీ దాన్ని వింటే భయం వెయ్యదు. అందుకని సంతకం పెట్టే ముందు, పక్కవాళ్లకి వినపడకుండా, "ఏరా తారుమారూ, సరిగ్గా చూశావా?" అని నన్ను నేనే అడుగుతాను. ఆ కుర్రాడు లోపలెక్కడో ఉలిక్కిపడి లేచి, ఇంకోసారి చూస్తానంటాడు.