పక్క బిల్డింగు అడ్రసు

ఆఫీసులో ఆమెను చిటపట అంటారు, ఎదురుగా కాదు, వెనక. ఆమెకు ఆ సంగతి తెలుసు. "మీరు ఒళ్ళు మండే పనులు చేస్తుంటే నేను జోలపాట పాడనా?" అంటుంది.

ఊరికి నీళ్ళు సరఫరా చేసే ఆఫీసు అది. కంప్యూటర్ల మధ్య దారులు వేయడం ఆమె పని. ఈమధ్యే అక్కడి ప్రోగ్రాములన్నిటినీ కంటెయినర్లలోకి మార్చారు. అంటే ఒకే సర్వర్లో ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో పెట్టె, పెట్టెలు లోపల్లోపల మాట్లాడుకోవడానికి వాటికి సొంత అడ్రసులు. ఆ అడ్రసులు ఏవో మనం చెప్పాలి. చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తనకు అలవాటైనవే పెట్టేసుకుంటుంది.

"ఏ బిల్డింగులో ఏ అడ్రసులు వాడుతున్నారో కనుక్కుని పెడదాం సార్" అని చిటపట మొదట్లోనే అడిగింది.

"డిఫాల్ట్ ఉండగా మనకెందుకమ్మా తలనొప్పి?" అన్నాడు మేనేజర్.

అప్పటినుంచి పక్క బిల్డింగులోని పాత ల్యాబ్ నుంచి నీళ్ళ పరీక్ష ఫలితాలు రావడం ఆగిపోయింది. మిగతా ల్యాబులవి శుభ్రంగా వస్తున్నాయి. ఇంకేం, తప్పు మనిషిదే అని తేల్చేశారు. ఆ ల్యాబులో ఫలితాలు ఎక్కించే పెద్దావిడ రోజూ ఎక్కించానంటుంది. చూపిద్దామంటే, నమోదు చేయగానే తెర ఖాళీ అయిపోయే పాతకాలపు ప్రోగ్రాము. "వయసు మీద పడింది, మర్చిపోతోంది" అని మేనేజర్ ఆ ల్యాబులోనే అందరి ముందూ అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. వాడే నయం, మద్దెలకు మనసుండదు.

పెద్దావిడను స్టోర్ రూముకు మారుస్తున్నారని తెలిసిన రోజునే ఈ గొడవంతా చిటపట చెవిన పడింది. ఆమె వెంటనే సర్వర్ ముందు కూర్చుంది. ల్యాబ్ కంప్యూటర్ అడ్రసు కొట్టి, దానికి వెళ్ళే దారి ఏదో చూసింది. అసలు దారి బయటికే వెళ్ళడం లేదు. పాత ల్యాబ్ వాళ్ళు ఏళ్ళుగా వాడుకుంటున్న అడ్రసుల వరుసనే పెట్టెలు కూడా పెట్టేసుకున్నాయి. దాంతో సర్వర్ పక్క బిల్డింగును తన పెట్టెల మధ్యే వెతుక్కుంటోంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్ళను చూశాం. ఊళ్ళో ఉన్న పిల్లను చంకలో వెతకడం ఇప్పుడే చూస్తున్నాం.

పెట్టెలకు వేరే వరుస ఇచ్చి అన్నిటినీ మళ్ళీ మొదలుపెట్టింది. ల్యాబ్ కంప్యూటర్లోనే ఆగిపోయిన ఫలితాలన్నీ బిలబిలా వచ్చిపడ్డాయి. ప్రతిదీ ఏ రోజుది ఆ రోజే ఎక్కించి ఉంది, ఒక్కటీ తప్పలేదు. అది చూశాక ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"పనైపోయిందిగా. సాంకేతిక లోపం సరిచేశామని రాసెయ్" అన్నాడు మేనేజర్.

"ఎవరి లోపం సార్? తిట్టింది అందరి ముందూ, సరిచేసేది చాటుగానా? పదండి, ఆవిడకు మీరే చెప్పాలి."

"ఇప్పుడా?"

"ఆవిడ బల్ల ఖాళీ చేశాక చెబుతారా?"

పక్క బిల్డింగులో పెద్దావిడ గాజు సీసాలు తుడిచి వరుసగా పెడుతోంది. రేపటినుంచి వాటిని ముట్టుకునేది ఇంకెవరో. అయినా ఒక్కోదాన్నీ వెలుతురుకేసి పట్టి చూస్తోంది. మేనేజర్ నీళ్ళు నమిలాడు.

"అదేనమ్మా, సిస్టంలో చిన్న ప్రాబ్లమ్..."

"మీరు రోజూ ఎక్కించారక్కా. అన్నీ వచ్చాయి. తప్పు మాది" అంది చిటపట.

పెద్దావిడ చేతిలోని సీసాను బల్ల మీద పెట్టేసింది.

"అయితే నేను మర్చిపోలేదా అమ్మాయ్?"

"ఒక్కటి కూడా."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరంతా అంటుంటే నిజమేనేమో అనుకున్నా. ఇంట్లో చెప్పా. అప్పట్నుంచి మా అబ్బాయి నన్ను పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వట్లేదు. చంటి మనవరాల్ని స్నానానికి నా చేతికివ్వడం మానేశారు. దానికి నేను పోస్తేనే ఏడుపు ఉండదు."

మేనేజర్ స్టోర్ రూము ఉత్తర్వు రద్దు చేయిస్తానని గొణిగాడు.

"అది ఎలాగూ చేయిస్తారు" అంది చిటపట. "అక్కా, మీ అబ్బాయి నంబరు చెప్పండి."

ఆవిడ చెప్పిన అంకెలు నొక్కి, ఫోనును మేనేజర్ చేతిలో పెట్టింది.

"మర్చిపోతోందని చెప్పిన నోటితోనే చెప్పండి సార్."

అవతల ఎవరో హలో అన్నారు. మేనేజర్ గొంతు సవరించుకున్నాడు.