తాటిపూడి నీళ్ళలో కాసిన మావిడి

ఫాల్గుణం వచ్చేసరికి విజయనగరం చుట్టూ ఉన్న కొండలన్నీ ఎండుగడ్డి రంగుకు తిరిగిపోతాయి. తాటిపూడి రిజర్వాయరు అంచున చెట్లు మాత్రం పచ్చగానే ఉంటాయని ఆఫీసులో ఎవరో అన్నారు. చూడకపోతే నాకు నిద్రపట్టదు కదా! ఆదివారం పొద్దున్నే విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో గంట్యాడ బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో, ఎండ ముదరకముందే గట్టు చేరాను. వాళ్ళన్నది నిజమే. పైన కొండచెట్లు ఆకు రాల్చేసి మోడుల్లా నిలబడితే, కింద వేళ్ళకు చెమ్మ అందేచోట నేరేళ్ళూ కానుగలూ గుబురుగా నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి.

పడవ నడిపే సింహాచలానిది అవతలి ఒడ్డు ఊరు. నీళ్ళ మధ్యనుంచి కొండ చూపిస్తానని ఎక్కించుకుని, ఎక్కగానే నాకో పని అప్పజెప్పాడు.

"అక్కా, ఒడ్డునున్న ఆ పెద్ద మావిడిసెట్టు సూడు. కాయేటైనా అగుపిస్తే సెప్పు."

"పైన తోటలో బోలెడు కాయలున్నాయిగా తమ్ముడూ?"

"ఆటిని ముట్టకూడదు. ఈ సెట్టు కాసినాకే మా ఊర్లో కొత్తమావిడి పండగ. అప్పటిదాకా ఎవులూ కొత్తకాయ తినరు."

ఒకప్పుడు అన్నిటికంటే ముందు కాసేది ఆ చెట్టేనట. డ్యాము కట్టి, నీళ్ళు దాని మొదలు దాకా వచ్చాక వరస తప్పింది. మావిడి పూయాలంటే నీళ్ళందక కాస్త బెట్ట తగలాలి. ఏడాది పొడుగునా చెమ్మ అందితే ఆకు మీద ఆకు వేస్తూ పూత సంగతే మరిచిపోతుంది. ఈ ఏడు ఒక్క కాయా ఎవరి కంటా పడలేదు.

సింహాచలం భార్య గౌరికి మూడో నెల. అన్నం ఇమడటం లేదు, ప్రాణమంతా పుల్లమావిడి మీదే. "సంతలో కొనిపెట్టకపోయావా?" అన్నాను.

"తెచ్చాను. ఊరు తినకుండా నానెలగ తింతానని తిట్టి, మేకకి పడీసింది."

నాకు నవ్వూ జాలీ కలిసే వచ్చాయి. కాసేపటికి ఇంజిను ఆపమన్నాను. గాలి లేదు. పడవ తనంతట తానే ఒడ్డువైపు జరుగుతోంది. పైనున్న చెట్టూ నీళ్ళలోని చెట్టూ కలిసిపోయి, ఆకాశం ఎటుందో తెలియకుండా పోయింది. మగతగా తలకిందుల కొమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. అక్కడ, గుబురు అడుగున, ఏదో వేలాడుతోంది.

"తమ్ముడూ, నీళ్ళలో చూడు."

వంగి చూసి, తలెత్తి చూశాడు. నీటివైపు వాలిన కొమ్మ చాటున మూడు కాయలు. ఊరివాళ్ళు ఒడ్డు మీంచే వెతికారు, ఇతనేమో రోజూ హడావిడిగా దాటిపోయేవాడు. "ఓలమ్మో, ఉన్నాది!" అని అరిచి, నాకు చూపిస్తానన్న కొండను గాలికొదిలేసి ఊరివైపు పడవ తిప్పాడు. నేనూ గుర్తు చేయలేదు. ఊరిపెద్ద తాత పడవలో వచ్చి, చాలాసేపు నీళ్ళలోకే చూసి, "ఎల్లుండే పండగ" అన్నాడు. గౌరి ఒడ్డున నిలబడి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

తిరుగుదారిలో గంట్యాడ దగ్గర ఉప్పూకారం చల్లిన మావిడిముక్కలు అమ్ముతున్నారు. నాకవంటే పిచ్చి. అయినా చెయ్యి పోలేదు. పూతను ఆలస్యం చేసింది ఆ నీళ్ళే, కాయను చూపించిందీ ఆ నీళ్ళే అనుకుంటూ బస్సెక్కాను. మీరు వెళితే గాలి లేవకముందే పడవెక్కండి, మధ్యలో కాసేపు ఇంజిను ఆపాలని ముందే మాట్లాడుకోండి.

పండగనాటి సాయంత్రం సింహాచలం ఫోను చేశాడు. "అక్కా, గౌరి తినీసింది. లోపలి జీడి కూడా ఒగ్గలేదు."

అప్పుడు వెళ్ళి నేనూ ఒక కాయ కొనుక్కున్నాను.